శాఖోపశాఖల నవల: లెక్కయెంత, కథయెంత?

కథ చెప్పువానికి, వినువానికి నడుమ ఒక పాత ఒప్పందము కలదు. దారి నిర్ణయించుట చెప్పువాని పని, ఊకొట్టుచు “తరువాత ఏమైనది?” అని అడుగుట వినువాని పని. పురాణ కాలక్షేపము మొదలు నేటి నవల వరకు ఈ ఒప్పందము చాల వరకు చెక్కుచెదరలేదు. గత అరువది సంవత్సరములుగా మాత్రము ఒక కొత్త రకపు కథ దానిని తిరుగవ్రాయుటకు ప్రయత్నించుచున్నది. అందులో పాఠకుడు “తరువాత ఏమైనది?” అని అడుగడు. “ఇప్పుడు నేనేమి చేయుదును?” అని తన్ను తాను ప్రశ్నించుకొనును. ఒక ఘట్టము ముగియగానే పుట అడుగున రెండు వాక్యములుండును: తలుపు తెరువదలచినచో 14వ పుటకు పొమ్ము, వెనుకకు మరలదలచినచో 22వ పుటకు పొమ్ము. పాఠకుని నిర్ణయమును బట్టి కథ ఒక కొమ్మను విడిచి మరియొక కొమ్మను పట్టుకొనును. దీనిని ఇంటరాక్టివ్ నవల అనుచున్నారు. మనము సులువుగా ‘ఎంపికల నవల’ అనుకొందము.

ఇట్టి నవలలు మొదట పుస్తకములుగా, తరువాత కంప్యూటరులలో, నేడు చేతిఫోనులలో వెలువడుచున్నవి. వీనిని గూర్చి రెండు అభిప్రాయములు వినబడుచున్నవి. ఇది కేవలము ఆట, సాహిత్యము కాజాలదని కొందరు. ఇక మామూలు నవలకు కాలము చెల్లినది, పాఠకుడే రచయిత కానున్నాడని మరికొందరు. రెండును తొందరపాటు తీర్పులే. ఒక కళారూపమును అంచనా వేయవలెనన్న, ముందు దానిని వ్రాయుటలోని కష్టమెక్కడ ఉన్నదో గుర్తింపవలెను. కొమ్మలు లెక్కకు మిక్కిలిగా ఉండుటయే ఎంపికల నవలలోని కష్టమని, అదియే దాని గొప్పతనమని సామాన్యముగా అనుకొందురు. కొమ్మలు వేయుట సులభము. ప్రతి కొమ్మకు తగిన మూల్యము నిర్ణయించుట కష్టము. ఈ కొత్త రూపము జయించినను, ఓడినను అక్కడనే.

పాఠ్యపుస్తకములోని రూపము

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు విషయమొకటి ఇక్కడ చెప్పవలసి యున్నది. పుటలు తిప్పించు ఈ పద్ధతి పాఠ్యపుస్తకములలో కూడ వాడుకలోనికి వచ్చినది. అమెరికాలో నార్మన్ క్రౌడర్ అను విద్యావేత్త 1950లలో శాఖాబోధన పద్ధతిని రూపొందించెను. 1958 నుండి ‘ట్యూటర్ టెక్స్ట్’ అను పేరుతో అట్టి పుస్తకములు వెలువడినవి. వానిలో కొంత పాఠము, దాని క్రింద ఒక ప్రశ్న, ప్రశ్నకు కొన్ని సమాధానములు ఉండును. ఒక్కొక్క సమాధానము ప్రక్కన ఒక పుటసంఖ్య. ఒప్పు జవాబు ఎన్నుకొన్న విద్యార్థి తరువాతి పాఠమునకు పోవును. తప్పు జవాబు ఎన్నుకొన్నవాడు ఆ తప్పును వివరించు పుటకు పోయి, మరల మొదటి ప్రశ్నకే తిరిగివచ్చును.

ఫ్రాన్సులో 1960లో కొందరు రచయితలు, గణితజ్ఞులు కలిసి ‘ఊలిపో’ అను బృందముగా ఏర్పడిరి. గణిత నియమములను సాహిత్య రచనకు అన్వయించుట వారి ఆశయము. ఆ బృంద స్థాపకులలో ఒకడైన రేమో కెనో 1967లో మూడు బఠాణీగింజలను గూర్చి 21 చిన్న ఘట్టముల కథ వ్రాసెను. ప్రతి ఘట్టము చివర పాఠకుడు ఒక దారి ఎన్నుకొనవలెను. కంప్యూటరుకు ఇచ్చు ఆదేశముల పద్ధతియు, శాఖాబోధన వంటి పద్ధతియు దీనికి స్ఫూర్తియని ఆయనయే చెప్పెను. తరువాత అమెరికాలో ఎడ్వర్డ్ పాకర్డ్ వ్రాసిన ‘ది కేవ్ ఆఫ్ టైమ్’ 1979లో వెలువడినది. దానితో మొదలైన బాలల పుస్తకమాల కోట్ల ప్రతులు అమ్ముడుపోయి ప్రపంచమంతట వ్యాపించెను.

ఒకే రచన నుండి ఒకటికంటె ఎక్కువ కథలు రాబట్టవలెనను కోరిక మాత్రము చాల పాతది. మన భాషలో పింగళి సూరన 16వ శతాబ్దములో రాఘవపాండవీయము రచించెను. ఒక విధముగా చదివిన అది రామకథ. మరియొక విధముగా చదివిన భారతకథ. అక్కడ అక్షరములు మారవు, అర్థము చీలును. ఎంపికల నవలలో అర్థము చీలదు, అక్షరములే వేరగును. సూరన పడిన శ్రమ ఒక పద్యమునకు రెండు ప్రాణములు పోయుట. ఎంపికల నవలాకారుని శ్రమ ఎట్టిదో చూతము.

కొమ్మల లెక్క

ఒక రచయిత పది ఎంపికలు గల చిన్న నవల వ్రాయదలచెననుకొందము. ప్రతి ఎంపికలోను రెండే దారులు. ఒక్కొక్క ఘట్టము 200 మాటలు. మొదటి ఘట్టము తరువాత రెండు ఘట్టములు వ్రాయవలెను, వాని తరువాత నాలుగు, తరువాత ఎనిమిది. చదరంగపు గడులలో గింజలు రెట్టింపగుచు పోయిన కథ మనకందరకు తెలిసినదే. పదవ ఎంపిక తరువాత ఘట్టములు 1,024. మొదటినుండి మొత్తము 2,047 ఘట్టములు, మాటలు 4,09,400. ఇంత వ్రాసిన తరువాత పాఠకుడు ఒక మారు చదువునది ఎంత? పదకొండు ఘట్టములు, 2,200 మాటలు మాత్రమే. రచయిత వ్రాసిన ప్రతి వేయి మాటలలో పాఠకుని కంట బడునవి ఐదో, ఆరో!

ఏ రచయితయు ఇంత వృథాశ్రమకు ఓర్వజాలడు. అందువలన అందరును ఒక ఉపాయము పన్నుదురు. విడిపోయిన దారులను కొంతదూరము నడిపించి మరల ఒక కూడలిలో కలుపుదురు. ప్రతి ఎంపిక తరువాత రెండు వేరు ఘట్టములు, వాని వెనుక ఇద్దరికిని సామాన్యమైన ఒక ఘట్టము ఉంచినచో, పది ఎంపికలకు కావలసిన ఘట్టములు 31 మాత్రమే. దారులెన్ని? లెక్కించి చూచిన, ఇప్పుడును 1,024 దారులే! ఈ రెండు పుస్తకముల అట్టల మీదను “వేయికి పైగా కథలు” అని సత్యముగా అచ్చువేయవచ్చును. మొదటిదానిలో 2,047 ఘట్టములు, రెండవదానిలో 31. దారుల సంఖ్య నవలయొక్క విలువను గూర్చి మనకేమియు చెప్పదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఈ సంఖ్యల వ్యామోహమును వెక్కిరించుచు కెనోయే 1961లో ఒక పుస్తకము ప్రచురించెను. పదునాలుగు పాదముల పద్యములు పది వ్రాసి, ఒక్కొక్క పాదమును వేరు కాగితపు పట్టీగా కత్తిరించెను. ఏ పాదమును ఏ పద్యమునుండి తీసికొన్నను ప్రాస చెడదు. అనగా 10ని 14 మారులు హెచ్చవేసినంత, నూరు లక్షల కోట్ల పద్యములు! నిమిషమునకు ఒకటి చొప్పున రాత్రింబవళ్ళు చదివినను సుమారు 19 కోట్ల సంవత్సరములు పట్టును. ఎవ్వడును చదువజాలని గ్రంథమును చేతిలో పట్టుకొని పాఠకుడు నవ్వుకొనును. ఆ నవ్వే పుస్తకముయొక్క ప్రయోజనము. కాని నవల పని వేరు. దానిలో మనుష్యులుందురు, వారికి జరిగినదానికి అర్థముండవలెను.

ఒప్పు జవాబుల కథలు

‘ది కేవ్ ఆఫ్ టైమ్’ అట్ట మీద 40 ముగింపులు కలవని ప్రకటించినారు. ఒక గుహలో దారితప్పిన పిల్లవాడు వేరు వేరు కాలములలోనికి పోవును. ఊహ మనోహరమైనది, వాక్యములు సూటిగా ఉన్నవి. ఏ పుటలో ఏమున్నదోయను ఆత్రముతో బాలలు దీనిని మరల మరల చదువుటలో ఆశ్చర్యము లేదు. పుస్తకమన్న భయపడు పిల్లల చేత పుటలు తిప్పించిన ఘనత ఈ మాలకు దక్కవలసినదే.

కాని విమర్శకుడు ఇక్కడ ఆగరాదు. ఈ పుస్తకములలో పాఠకుని ముందుంచు ప్రశ్నలు ఎట్టివి? ఎడమ సొరంగమున పోదువా, కుడి సొరంగమున పోదువా? రెండింటిలో ఏమున్నదో పాఠకునకు తెలియదు, ఊహించుటకు ఆధారమును లేదు. ఒకదానిలో నిధి, మరియొకదానిలో చావు. తెలియక తీయు చీటీకి, ఈ ఎంపికకు భేదమేమి? జాతరలో తిరుగు చక్రము మీద అంకె పందెమొడ్డువాడు నిర్ణయము చేసినాడని మనమనము. అతడు అదృష్టమును పరీక్షించుకొన్నాడందుము. నిధి దొరికినందుకు గర్వము లేదు, చావు వచ్చినందుకు పశ్చాత్తాపము లేదు. రెండును లేనిచోట కథ మనస్సున నిలువదు.

బ్రిటనులో స్టీవ్ జాక్సన్, ఇయన్ లివింగ్‌స్టన్ కలిసి 1982లో ప్రచురించిన ‘ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’ ఒక అడుగు ముందుకు వేసినది. 400 అంకెల ఘట్టములు. వానికి తోడు పాచికలు. పాఠకుడు తన నేర్పు, దేహబలము, అదృష్టము ఎంత మిగిలినవో ఒక కాగితము మీద వ్రాసికొనుచు పోవలెను. వెనుక జరిగినది ముందు జరుగుదానిపై ప్రభావము చూపవలెనను గుర్తింపు ఇందులో కనబడును. కాని చివరకు వచ్చునప్పటికి సరియైన తాళపుచెవులు సంపాదించినవానికే పెట్టె తెరచుకొనును. తక్కిన దారులన్నియు తప్పు దారులే.

ఈ లోపము ఎక్కడనుండి వచ్చినదో ఇప్పుడు సులభముగా తెలియును. పాఠ్యపుస్తకములో ఒప్పు జవాబు ఒకటి యుండుట న్యాయము. నీటియొక్క రసాయన సంకేతమునకు నాలుగు సమాధానములిచ్చినచో మూడు తప్పు కావలసినదే. ఆ అచ్చునే కథకు పోసినచో జీవితము బహుళైచ్ఛిక ప్రశ్నపత్రమగును. ధైర్యవంతుడు గెలుచును, పిరికివాడు చచ్చును. లేక రచయిత ఇష్టానుసారము, దానికి విరుద్ధముగా జరుగును. పాఠకుడు పాత్ర మనస్సును చదువుట మాని, రచయిత మనస్సులోని ‘కీ’ని ఊహింప ప్రయత్నించును.

ఈ దోషమును పాకర్డే గుర్తించెనేమో ననిపించు రచన ఒకటి కలదు. 1982లో ఆయన వ్రాసిన ‘ఇన్‌సైడ్ యూఎఫ్‌ఓ 54-40’లో అంతరిక్ష నౌకలో చిక్కిన కథానాయకుడు ‘అల్టిమా’ అను స్వర్గతుల్యమైన గ్రహమును గూర్చి వినును. పుస్తకములో ఆ గ్రహమును చేరిన ఘట్టము ఉన్నది. కాని ఏ ఘట్టము చివరను అక్కడికి పొమ్మను సూచన లేదు. ఎంపికలను అనుసరించువాడు ఎన్నిమారులు చదివినను అల్టిమాను చేరడు. ఆదేశములను ఉల్లంఘించి, పుటలు ఊరక తిప్పువానికే అది దొరకును. బిందువులు, గీతలతో గూడిన పటములను శోధించు గణితశాఖలో దీనిని ఏ గీతయు తాకని ఏకాంత బిందువు అందురు. ఒక బాలల పుస్తకము ఆ ఏకాంత బిందువును స్వర్గముగా మార్చినది. చెప్పిన దారులలో నడుచువానికి అది అందదను భావము మాటలలో కాక, పుస్తక నిర్మాణములోనే ఇమిడియున్నది. రూపము, అర్థము ఒకటైన ఇట్టి చోటులే ఎంపికల నవలకు భవిష్యత్తు కలదని నమ్మించును.

బేతాళుని ప్రశ్న

నిజమైన ఎంపిక ఎట్లుండునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. బేతాళ కథలు ఎరుగని తెలుగు బాలుడుండడు. బేతాళుడు కథ ముగించి ప్రశ్న వేయును. జవాబు తెలిసియు చెప్పకున్న విక్రమార్కుని తల వ్రక్కలగును. చెప్పిన మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. రెండు దారులకును వెల యున్నది. ఆ వెల ఎంతయో రాజునకు ముందుగనే తెలియును. ఒకదానిలో ప్రాణము పోవును, మరియొకదానిలో పడిన శ్రమ పోవును. ఎన్నుకొనునప్పుడు ఏమి పోగొట్టుకొనుచున్నాడో ఎరిగి ఎన్నుకొనుట అన్న ఇదియే.

దీనిని నేటి కథకు అన్వయించి ఒక ఉదాహరణ కల్పించి చూతము. గోదావరి లంకలలో ఒక ఊరు. సందెవేళ. ఆవలి ఒడ్డునకు పోవు చివరి పడవ తాడు విప్పుచున్నారు. తండ్రికి ఆ రాత్రి ఇయ్యవలసిన మందు చేతబట్టుకొని లక్ష్మి అను బాలిక రేవునకు వచ్చినది. మెట్ల మీద ఎవరో ముసలమ్మ కాలుజారి పడి లేవలేకున్నది. గాలి లేచుచున్నది, ఆగుటకు వీలులేదని పడవవాడు చెప్పినాడు. లక్ష్మి పడవ ఎక్కవలెనా, ఆగవలెనా? ఇక్కడ ఒప్పు జవాబు లేదు. పడవ ఎక్కినచో ఆ ముసలమ్మ మూలుగు ఏరు దాటినను వినబడుచుండును. ఆగినచో తెల్లవారువరకు తండ్రిని గూర్చిన భయము. ఏ దారి ఎన్నుకొన్నను రెండవ దారి నీడ కథపై పడుచుండును. ఆ నీడను చివరివరకు నిలుపగలిగినవాడు రచయిత.

మరియొక చిక్కు ఇంతకంటె లోతైనది. మామూలు నవలలో నిర్ణయము పాత్ర స్వభావమునుండి పుట్టును. భారత యుద్ధమునకు ముందు శ్రీకృష్ణుడు కర్ణునితో అతడు కుంతి పెద్దకొడుకని చెప్పి, పాండవుల పక్షమునకు వచ్చినచో రాజ్యము నీదేయనును. కర్ణుడు ఒప్పుకొనడు. పెంచినవారి ఋణము, దుర్యోధనుని స్నేహము అతనిని కట్టివేయును. ఈ ఘట్టమును ఎంపికల నవలగా మార్చి, “ఒప్పుకొనదలచినచో 40వ పుటకు పొమ్ము” అని వ్రాసినచో ఏమగును? ఆ పుటకు పోవువాడు రాజ్యమును పొందును, కర్ణుని పోగొట్టుకొనును. ఒప్పుకొనకుండుటయే కర్ణుడు. విషాదాంత కథకు ప్రాణము “ఇంకొక విధముగా జరుగజాలదు” అను అనుభూతి. ఎంపికల నవలకు ప్రాణము “ఇంకొక విధముగా జరుగవచ్చును” అను అనుభూతి. ఈ రెండింటిని ఒక చోట పొసగించుట ఈ రూపమునకు గల అతి కఠినమైన పరీక్ష.

ఈ పరీక్షకు నిలిచినదిగా నేను భావించు రచనలలో ఒకటి అమెరికన్ రచయిత మైకేల్ జాయిస్ 1987లో కంప్యూటరు కొరకు రచించిన ‘ఆఫ్టర్‌నూన్’. అందులో 539 చిన్న ఘట్టములు, వానిని కలుపు 951 లంకెలు ఉన్నవి. కథ చెప్పువాడు ఆ ఉదయము దారిలో ఒక ప్రమాదమును చూచెను. అందులో చిక్కినది తన కుమారుడేమోయని అతనికి సందేహము కలుగును. తెలిసికొనవలెనని యుండును, తెలిసికొనుటకు భయము. పాఠకుడు ఏ లంకె పట్టుకొని పోయినను ఆ సందేహము చుట్టును తిరుగుచుండును. తిరుగుడు విసుగు కలిగించు మాట నిజమే. కాని నిజమును తప్పించుకొని తిరుగువాని మనస్సు పాఠకుని వ్రేళ్ళలోనికి వచ్చినది. ఇక్కడ స్వేచ్ఛ యున్నను విషాదము చెడలేదు.

మరలరాని మార్పు

మంచుగడ్డ కరగి నీరగును. నీరు మరల గడ్డకట్టును. పాలు తోడుకొని పెరుగైన తరువాత మరల పాలు కావు. మొదటిది తిరిగిరాగల మార్పు, రెండవది తిరిగిరాని మార్పు. జీవితములోని ముఖ్య సంఘటనలన్నియు రెండవ జాతికి చెందినవి. అన్న మాట వెనుకకు రాదు. నవల మన హృదయమును తాకుటకు కారణము అందులోని మార్పులు తిరిగిరానివగుటయే.

ఎంపికల పుస్తకము చదువు బాలుని గమనింపుడు. ఒక వ్రేలు పాత పుటలో ఉంచి, కొత్త పుట చూచును. చావు ఎదురైన వెంటనే వెనుకకు వచ్చి రెండవ దారి పట్టును. పాలు విరిగినవన్న బెంగ అతనికి లేదు. మరియొక గిన్నె సిద్ధముగా ఉన్నది. కనుక రచయిత ఎంత భయంకరమైన మరణము వర్ణించినను అది పాఠకునకు చిన్న ఆటంకము మాత్రమే. పాఠకుని ఆ వ్రేలిని జయించుట ఎట్లు? ఇది ఈ కళలో ముఖ్యసమస్య.

దీనికి ఒక సమాధానము 1967లో మాంట్రియల్ నగరపు అంతర్జాతీయ ప్రదర్శనలో చెకోస్లొవేకియా వారు చూపిన ‘కినో ఆటోమాట్’ చిత్రములో ఉన్నది. రాదూజ్ చిన్‌చెరా ఊహించిన ఆ ప్రదర్శనలో కథ నడుమ నడుమ ఆగును. ప్రేక్షకులు తమ ఆసనముల వద్దనున్న మీటలు నొక్కి తరువాత ఏమి జరుగవలెనో ఓటు వేయుదురు. కాని ఎటు ఓటు వేసినను కొంతసేపటికి దారులు కలిసిపోవును. మొదట చూపిన, మంటలలోనున్న ఇంటికే కథ చివరకు చేరును. మనము పైన చూచిన 31 ఘట్టముల ఉపాయమే ఇది. మోసమని తోచవచ్చును. కాని ఓటు వేయుట వలన లోకము మారుచున్నదా అను ప్రశ్నయే ఆ చిత్రపు హాస్యమునకు మూలము. చెప్పదలచిన దానికి ఉపాయము తగియున్నప్పుడు అది మోసము కాదు. చెప్పదలచినది లేక, శ్రమ తగ్గించుకొనుటకే దారులు కలిపినప్పుడు అది మోసము.

మరియొక సమాధానము 2014లో వెలువడిన ‘80 డేస్’లో కనబడును. జూల్ వెర్న్ 1873 నాటి నవల ఆధారముగా బ్రిటనులోని ఇంకిల్ సంస్థ రూపొందించిన ఈ కంప్యూటరు రచనకు ప్రధాన రచయిత్రి మేగ్ జయంత్. రచన సుమారు ఐదు లక్షల మాటలు. పాఠకుడు ధనికుడైన ఫాగ్ కాడు, అతని సేవకుడు పాస్‌పార్తూ. ఏ నగరమునుండి ఏ నగరమునకు పోవలెనో, ఎంత డబ్బు ఖర్చుపెట్టవలెనో, యజమాని ఆరోగ్యమును ఎట్లు కాపాడవలెనో నిర్ణయింపవలెను. రోజులు తరుగుచుండును. ఒక రైలు ఎక్కినచో రెండవ నగరము ఆ ప్రయాణములో ఇక కనబడదు. రచనలో అధిక భాగము చూడకయే లండనుకు తిరిగివత్తుము. మొదట మన లెక్కలో వృథాగా తోచిన మాటలు ఇక్కడ వృథా కాలేదు. చూడని నగరములున్నవను స్పృహయే ప్రయాణమునకు రుచి. వెర్న్ నవలలో కాలము కథావస్తువు. ఇక్కడ అది పాఠకుని చేతిలో కరగిపోవు సొమ్ము. వ్రేలు పెట్టుకొను పుట లేకుండ చేసి కంప్యూటరు ఈ రూపమునకు చేసిన మేలు ఇదియే: జరిగినదానిని అది గుర్తుంచుకొనును.

“నీవు” ఎవరు?

ఆంగ్లములో ఈ నవలలు సామాన్యముగా మధ్యమపురుషలో ఉండును. కథానాయకుడు పాఠకుడే. తెలుగులో వ్రాయదలచినవారు ఈ విషయమున మన భాషలోని ఒక సౌకర్యమును, ఒక చిక్కును గుర్తింపవలెను.

సౌకర్యమేమనగా, తెలుగున మధ్యమపురుష క్రియకు లింగభేదము లేదు. వాడు వెళ్ళినాడు, ఆమె వెళ్ళినది అని ప్రథమపురుషలో భేదమున్నను, నీవు వెళ్ళినావు అను మాట బాలునికి, బాలికకు సమానమే. హిందీలో ‘తుమ్ గయే’, ‘తుమ్ గయీ’ అని ఇక్కడ కూడ వేరుచేయక తప్పదు. కనుక ఏ పాఠకుడైనను, ఏ పాఠకురాలైనను తన్ను ఊహించుకొనగల కథనము తెలుగున సహజముగా సాగును.

చిక్కు సంభాషణలలో వచ్చును. రేవులోని పడవవాడు పాఠకుని ఏమని పిలుచును? అబ్బాయీ అనునా, అమ్మాయీ అనునా? పక్కింటివారు తమ్ముడూ అందురా, చెల్లీ అందురా? నువ్వనుటయా, మీరనుటయా? మన సంభాషణలో వరుస, వయస్సు, మర్యాద తెలియక నాలుగు వాక్యములు నడువవు. ఆంగ్లములోని ‘యూ’ వీనినన్నింటిని కప్పిపుచ్చగలదు, తెలుగు కప్పిపుచ్చనీయదు. దీనిని కొరతగా భావింపనక్కరలేదు. ముఖములేని ‘నీవు’కు స్వభావముండదు, స్వభావము లేనివాని నిర్ణయమునకు బరువుండదు. కనుక తెలుగు రచయిత కథానాయికకు ఒక పేరు, ఒక ఇల్లు, ఒక వరుస ఇచ్చుటయే మేలు. ‘80 డేస్’ పాఠకుడు పాస్‌పార్తూ అయినట్లే, మన పాఠకుడు లక్ష్మి కావచ్చును. అప్పుడతడు తనకు తోచినది కాక, లక్ష్మి చేయదగినవానిలో ఒకటి ఎన్నుకొనును. మరియొక మనిషి మనస్సులో నిలిచి నిర్ణయించుట ఏ నవలయైనను పాఠకునకు నేర్పు విద్యయే గదా!

యంత్రము వ్రాయు కొమ్మలు

ఇంతవరకు కొమ్మలు వ్రాయుటకు మనిషి శ్రమ కావలసి యుండెను. ఇప్పుడు ఆ పరిస్థితి మారినది. 2019లో ‘ఏఐ డంజన్’ అను రచన వెలువడినది. అందులో పాఠకుడు తన ఇష్టము వచ్చిన చర్యను మాటలలో వ్రాయును. కృత్రిమ మేధ తరువాతి ఘట్టమును అప్పటికప్పుడు అల్లును. రెండు దారులు, నాలుగు దారులు అను పరిమితి లేదు. ఆ తరువాత ఇట్టి యంత్రముల శక్తి ఎంతయో పెరిగినది. 2,047 ఘట్టములు వ్రాయుట ఇప్పుడొక సమస్య కాదు.

అయినచో ఎంపికల నవలలోని కష్టము తీరినదా? కొమ్మల సంఖ్యయే కష్టమైనచో తీరినట్లే. కాని అడిగినదెల్ల జరుగు కథలో ఏది జరిగినను ఒకటే. పాఠకుడు కత్తి యడిగిన కత్తి వచ్చును, రెక్కలడిగిన రెక్కలు వచ్చును. నిరాకరించువాడు లేని లోకములో కోరికకు వెల లేదు. యంత్రము సహాయముతో వ్రాయుట తప్పని నేననను. లక్ష్మి పడవ ఎక్కినచో ఏమి పోవలెను, పోయినది చివరి పుటలో ఎట్లు కనబడవలెను అని నిర్ణయించి, దానికి జవాబుదారిగా నిలుచువాడు ఒకడు ఉండవలెనని మాత్రమే నా మాట. ఆ పని చేయువానినే మనము రచయిత అనుచున్నాము.

తరగతి గదిలో

ఉన్నత పాఠశాలలలో కథారచన నేర్పు ఉపాధ్యాయులకు ఈ రూపము మంచి సాధనము కాగలదు. పెద్ద ప్రయత్నము అక్కరలేదు. ఏడు ఘట్టములు చాలును. మొదట ఒకటి, తరువాత రెండు, చివర నాలుగు. ఏడు కాగితములు, ఒక్కొక్కదానిపై ఐదారు వాక్యములు. లెక్కల ఉపాధ్యాయుడు దీనితోనే రెండు యొక్క ఘాతములను బోధింపవచ్చును. తెలుగు ఉపాధ్యాయుడు పాత్రచిత్రణమును బోధింపవచ్చును.

విద్యార్థి వ్రాసిన ప్రతి ఎంపికను మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఎన్నుకొనువారికి ముందుగా ఏమి తెలియును? ఏమియు తెలియకున్న అది చీటీ. ఎన్నుకొన్నందువలన ఏమి పోవును? ఏమియు పోకున్న అది అలంకారము. ఆ పోయినది తరువాతి ఘట్టములో ఎక్కడ గుర్తునకు వచ్చును? రాకున్న, ఆ రెండు కాగితములు తారుమారు చేసినను కథ చెడదు. ఈ మూడు ప్రశ్నలకు జవాబున్న ఏడు కాగితముల కథ, జవాబులేని వేయి దారుల నవలకంటె గొప్పది.

తెలుగున ఎంపికల నవల పెరుగవలసియున్నది. కథ ముగించి ప్రశ్న వేయు బేతాళుడు, ఒక పద్యమున రెండు కథలు నడపిన సూరన, మరియొక దారి యున్నదని తెలిసియు పోని కర్ణుడు మన యింటివారే. నేటి విద్యార్థికి గణితము తెలియును, యంత్రము చేతిలోనే యున్నది. ఇక అతడు నేర్వవలసినది, ఒక దారి మూసివేయునప్పుడు ఆ తలుపు చప్పుడు పాఠకునకు వినబడునట్లు వ్రాయుట.